అక్క ఫోనులోని తొమ్మిది చుక్కలు

ఇంకొంచెం ఇటు జరగండి, చాప సరిపోతుంది. ఆ టీవీ గొంతు తగ్గించి, చేతిలోని ఫోను కాసేపు బోర్లా పెట్టి నా పక్కన కూర్చోండి. నేను చెప్పేది ఫోను సంగతే. నాకు ఫోను గురించి ఏం తెలుసని నవ్వకండి. తెలియకనే కదా ఇంత జరిగింది.

నేను నాలుగో తరగతి దాకా చదివాను. బస్సు బోర్డు కూడబలుక్కుని చదువుతాను, అంతే. కానీ ఒకసారి చెవిన పడ్డ మాట నన్ను విడిచిపోదు. ఎవరి పెళ్లిలో వంకాయ కూర మాడిందో, ఏ పిల్ల ఎన్నో నెలలో నడిచిందో మా సూర్యాపేట ఇంట్లో నన్నే అడుగుతారు. అంత జ్ఞాపకం ఉండి కూడా ఒక్క మాటకు అర్థం తెలియక నేనేం పోగొట్టానో వినండి.

మా అక్క మిర్యాలగూడలో ఉంటుంది. నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. పెళ్లయి వెళ్లిన నాటి నుంచి రైసు మిల్లులోనే ఆమె పని. ఉడికిన వడ్లను సిమెంటు కళ్లం మీద పరిచి ఎండబెడతారు. అన్ని గింజలకూ ఎండ తగలాలని ఆడవాళ్లు వాటిలో పాదాలు ఈడుస్తూ నడిచి తిరగేస్తారు. నా పెళ్లికి ముందు రెండు ఎండాకాలాలు నేనూ అక్క వెనకాల అలా నడిచాను. ఎడమ గోడ దగ్గర మొదలుపెట్టి కుడి గోడ దాకా పోవాలి. అక్కడ వెనక్కి మలిగి, ఒక అడుగు కిందికి జరిగి, మళ్లీ ఎడమ గోడకు రావాలి. మళ్లీ మలగాలి.

"తొవ్వ ఇడిసిపెట్టకు పిల్లా. గింజ పచ్చిగుంటే మేస్త్రి నన్నంటడు" అనేది అక్క.

నడిచినంతసేపూ పాడేది. ఆ పాటలు ఎవరూ నేర్పినవి కావు. అక్కే కట్టుకుంది. ఎండ మీద ఒకటి, మబ్బు మీద ఒకటి, అరికాలి పగుళ్ల మీద ఒకటి. "ఎండా ఎండా జర నిలువు, నా వడ్లు ఆరినంక పో" అని ఒకటి ఉండేది. దాన్ని పాడుతుంటే బస్తాలు మోసే మగవాళ్లు కూడా భుజం మీద బరువుతోనే ఒక క్షణం నిలబడేవాళ్లు. మొత్తం ఏడు పాటలు. మాటలన్నీ నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. పాట మాత్రం అక్క గొంతులోనే ఉండేది.

ఇక మా చిన్నబిడ్డ సంగతి. సూర్యాపేటలో జిరాక్సు సెంటర్లో కంప్యూటరు పని చేస్తుంది. పని నుంచి వచ్చాక ఫోన్లో పాఠాలు వింటూ యాప్‌లు తయారు చేయడం నేర్చుకునేది. బడి లేదు, పంతులు లేడు. వీడియోలో ఎవరో ఇంగ్లీషులో గడగడా చెబుతూ పోతాడు. అందడం లేదని మా పిల్ల ఆ వీడియోను మెల్లగా నడిపిస్తే ఆ గొంతు కల్లు తాగినవాడి గొంతులా సాగేది. నోటుబుక్కులో రాసుకునేది, ఎక్కడో ఒక చిన్న గుర్తు మరిచిపోయేది. ఇక ఫోను అద్దమంతా ఎర్ర గీతలే. తల పట్టుకుని కూర్చునేది.

"యాప్ అంటే ఏందే?" అని అడిగాను ఒకరోజు.

"ఫోన్ల ఉండే డబ్బా అనుకో అమ్మా. ఒత్తితే తెరుసుకుంటది. లోపల మనకు కావాల్సింది పెట్టుకోవచ్చు."

"గంతేనా! పోపుల డబ్బా అన్నట్టు."

నవ్వింది. నవ్వి, ఆ మాటే నోటుబుక్కులో రాసుకుంది. నాలుగు రోజులకు ఫోను నా ముందు పెట్టింది. అచ్చం మా వంటింట్లో ఉన్నట్టే గుండ్రటి పోపుల డబ్బా బొమ్మ. నడుమ ఒక గిన్నె, చుట్టూ ఆరు గిన్నెలు. నడుమ గిన్నె ఒత్తితే బిడ్డ గొంతే "నమస్తే" అంది.

"మిగిలిన గిన్నెలల్ల ఏం పోస్తవే? ఆవాలా, జీలకర్రా?"

"పెద్దమ్మ పాటలు" అంది. "ఏడు గిన్నెలు, ఏడు పాటలు. ఏది ఒత్తితే అది పాడుతది. పెద్దమ్మ లేనప్పుడు కూడ."

"ఓసి, లేనప్పుడు అంటవేందే, నీ నోట్ల మన్ను వడ" అని తిట్టాను. కానీ లోపల ఎంత సంబరమో.

అక్కకు ఫోను చేస్తే ముందు సిగ్గుపడింది. "నీ ముందల నిలవడి పాడుమంటే నాతోని కాదు బిడ్డా. నా ఫోన్లనే ఒక్కదాన్నే పాడి పెడుత. ఏడు అయినంక ఒక్కసారే ఇస్త" అంది.

"ఒక్కటన్న ముందుగాల పంపు పెద్దమ్మా. మంచిగ ఇనొస్తున్నదో లేదో సూస్త."

ఎండ పాట పంపింది. మిల్లు వెనక బస్తాల చాటున కూర్చుని పాడినట్టుంది. వెనకాల లారీ హారను, కాకులు. నడుమ ఒకచోట ఆగిపోయి, "అయ్యో, నా నోరు పాడుగాను, మరిసిపోయిన" అని తనలో తను నవ్వి, మళ్లీ అందుకుంది. ఆ మాట తీసేయనా అని బిడ్డ అడిగితే ఉండనీయమన్నాను. నడుమ గిన్నెలో తన నమస్తే తీసేసి ఆ పాట పోసింది. అప్పుడు నవ్వొచ్చే మాటే అది.

తర్వాత ఒక్కో పాటా పాడి పెట్టుకుంటూ పోయింది అక్క. మిల్లులో తోటి ఆడవాళ్లు ఫోను లాక్కుని, పాట పెట్టి ఆట పట్టిస్తున్నారని దానికి తాళం కూడా వేసుకుంది. అద్దం మీద మూడు వరుసల్లో తొమ్మిది చుక్కలు వస్తాయి చూడండి, వేలితో కలిపితే తెరుచుకుంటుంది, ఆ తాళం. అక్క దాన్ని ముగ్గు అనేది. మొదట తన కోడలు పెట్టి ఇచ్చిన ముగ్గును కూడా మార్చేసిందట.

"కొత్త ముగ్గు ఎట్లుంటదో జెప్పక్కా" అంటే, "నా ముగ్గు నాకే తెల్వాలె. నువ్వు కనిపెడితే నీకు చీర పెడుత" అని నన్ను ఊరించింది.

ఏడో పాట కూడా అయింది, వచ్చి తీసుకొమ్మని చెప్పిన వారానికి కళ్లంలోనే పడిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట పోయింది. దవాఖాన నుంచి ఇంటికి వచ్చాక ఆమె నోట ఒక్కటే మాట మిగిలింది, అదే అనడానికి మా వైపు అనే మాట. "గదే." ఆకలైనా గదే, నొప్పి అయినా గదే, నన్ను చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నా గదే. అన్నీ తెలుస్తాయి. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో తెలుసు. నోరు మాత్రం కదలదు.

నేనూ బిడ్డా మిర్యాలగూడ వెళ్లాం. అక్క ఫోను తీసి బిడ్డ ఆమె ఎడమ చేతికి ఇచ్చి, "పాటలు, పెద్దమ్మా" అంది. అక్క కళ్లు వెలిగాయి. చుక్కల మీద వేలు పెట్టింది. ఎడమ వేలు వణికి, ఒక చుక్క దాటేసి ఇంకో దాని మీద పడింది. తప్పు. మళ్లీ తప్పు. అయిదుసార్లు తప్పయ్యాక కాసేపు ఆగమని ఫోను చెప్పింది. ఆగాం. ఇంకా తప్పు. ఈసారి ఇంకా ఎక్కువసేపు ఆగమంది. అక్క ఫోను ఒడిలో పడేసి మొహం గోడ వైపు తిప్పుకుంది.

"ఏడవకండత్తమ్మా" అని ఆమె కోడలు వీపు నిమురుతూ తనే ఏడ్చింది.

సూర్యాపేట వచ్చాక బిడ్డ యాప్ పాఠాలు పక్కన పెట్టి తాళం తీసే పాఠాలు పట్టింది. ఒకడు రెండు బటన్లు కలిపి ఒత్తమంటాడు, ఒకడు వాడి దగ్గర ఏదో దింపుకోమంటాడు. ఒకడు అరగంట చెప్పి చివరికి లైకు కొట్టమంటాడు. బిడ్డ అన్నీ విని, రాసుకుని, దేన్నీ ముట్టలేదు. ఊళ్లో తెలిసిన దుకాణాల్లో కూడా అడిగి వచ్చింది.

"ఫోన్ల ముందే ఒక పర్మిషను పెట్టి ఉంటే తీయొచ్చంట అమ్మా. పెద్దమ్మ ఫోన్ల అది లేదు. దొంగలు తీయకుండ అట్ల చేసిన్రు."

"మనం దొంగలమానే?"

"ఫోనుకు ఎట్ల తెలుస్తదమ్మా?"

బిడ్డే మళ్లీ అంది. "పెద్దమ్మకు ముగ్గు యాదికున్నది. చేతికే వస్తలేదు. చాటల బియ్యం పోసి రోజు ఎడమ చేతితోని గీయమందాం. చెయ్యి నేర్సుకునేదాక ఫోను ముట్టొద్దు. ఎవ్వలకియ్యకు."

సరేనన్నాను. ఫోను అక్కడుంటే పిల్లలు కెలుకుతారని నా దగ్గరే ఉంచుకుని, ఛార్జింగు పెట్టుకుంటూ వచ్చాను. అక్క కోడలు రోజూ చాటలో బియ్యం పోసి ముందు పెట్టేదట. ఒక నెల పోయింది, రెండు నెలలు పోయాయి. "ఇంకా వంకరటింకరే, చిన్నత్తా" అనేది ఫోన్లో. నాకు భయం పట్టుకుంది. ఇలాంటి జబ్బు రెండోసారి వస్తే మనిషి దక్కదని ఎవరో అన్నారు. అక్క తన పాట తను వినకుండానే పోతుందేమోనని నాకు అన్నం సయించేది కాదు.

అలాంటప్పుడు కోదాడలో మా ఆడబిడ్డ మనవరాలికి చీర కట్టించే ఫంక్షను వచ్చింది. బిడ్డకు సెలవు దొరకలేదు, నేనొక్కదాన్నే వెళ్లాను. బంతిలో నా పక్కన కూర్చున్నామె బస్టాండు దగ్గర ఒక దుకాణం ఉందని, ఎలాంటి ఫోనైనా తెరిచి ఇస్తాడని చెప్పింది. అక్క ఫోను నా సంచిలోనే ఉంది. తిన్న ఎంగిలి చెయ్యి సరిగా కడుక్కున్నానో లేదో కూడా గుర్తులేదు, చూడండి, నాకే గుర్తులేదు. లేచి వెళ్లిపోయాను.

దుకాణంలో నడివయసు మనిషి. కళ్లద్దాలు నుదుటికి ఎక్కించుకుని, మర్యాదగా మాట్లాడాడు. అతణ్ని నేనేమీ అనను.

"లాకు మర్చిపోయారా పిన్నీ?"

"మర్సిపోలే నాయనా. యాదికున్నది, చెప్పరాదు."

అర్థం కాక నా మొహం చూశాడు.

"మా అక్క ఫోను. ఆమెకు మాట పోయింది."

"అయ్యో. మీదేనని నమ్మకం ఎట్లాగండీ?"

ఫోను వెలిగించి చూపించాను. అద్దం మీద అక్క, నేను, మిల్లు గేటు ముందు. బొమ్మనూ నన్నూ మార్చి మార్చి చూసి తల ఊపాడు. "తీసేయొచ్చు పిన్నీ. కానీ డేటా పోద్ది. పర్లేదా?"

డేటా అంటే నాకు తెలుసు. రోజూ బిడ్డ నోట వినే మాటే. "అమ్మా, నీ వీడియోలతోని నా డేటా అయిపోయింది", "పొద్దున మళ్ల డేటా వస్తది, అప్పుడు సూద్దువు." అదే కదా అనుకున్నాను.

"పోతే పోనియ్యి నాయనా. పొద్దుగాల మళ్ల వస్తది గదా" అన్నాను.

అతను నవ్వాడు. "ఓహో, ముందే ఎక్కించి పెట్టుకున్నారా?"

"మా బిడ్డ ఎక్కిస్తది. నెల తప్పనియ్యది."

"అయితే భయం లేదు. సంగతి తెలిసిన పిల్లే. మొత్తం పోద్ది మరి, తర్వాత నన్ననొద్దు."

"మొత్తం పోనియ్యి. నాకు ఫోను తెరుసుకుంటె సాలు."

అతను తీగ పెట్టి, కంప్యూటరుకు కలిపాడు. నేను స్టూలు మీద కూర్చుని బస్సులు చూస్తూ ఉన్నాను. కాసేపటికి పిలిచాడు. చుక్కలు లేవు. అద్దం తెల్లగా, కొత్తదానిలా మెరుస్తోంది. చేతులెత్తి దండం పెట్టాను అతనికి. బస్సులో సూర్యాపేట దాకా సంచిని ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. బిడ్డ ఎంత ఆశ్చర్యపోతుందో అని నాలో నేనే నవ్వుకున్నాను.

బిడ్డ పని నుంచి రాగానే ఫోను చేతిలో పెట్టాను. "తెరుసుకున్నది. పాటలు తీయి."

అది బటను ఒత్తింది. ఇటు జరిపింది, అటు జరిపింది. దాని మొహంలో రంగు మారుతుంటే నా నవ్వు అక్కడే ఆగింది.

"అమ్మా, ఏడ తీపిచ్చినవ్?"

చెప్పాను.

"ఆయన ఏమన్నడు?"

నాకు మాటలు మరుపుకు రావని చెప్పాను కదా. అతను అన్నది, నేనన్నది ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాను. బిడ్డ అక్కడే గడపలో కూర్చుండిపోయింది.

"డేటా అంటే పాటలేనమ్మా" అంది.

"మరి నెట్టు…"

"అదీ డేటానే. ఇదీ డేటానే. లోపల పెట్టుకున్నవన్నీ డేటానే. ఎక్కించి పెట్టుకున్నరా అంటే ఇంకోకాడ దాసిపెట్టుకున్నరా అని."

నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. తనలో తనే, "నేను జెప్పాల్సింది. అంతసేపు పాఠాలు ఇన్న. నీకొక్క ముక్క జెప్పలే" అంది. ఆ తర్వాత పోయినవి మళ్లీ తెచ్చే పాఠాలు పట్టింది. పది రోజులు చూసి, నోటుబుక్కు మూసింది. లోపలివాటికి ఫోను తనే వేసుకున్న తాళానికి చెవే చెరిగిపోయిందట. ఇక ఎవరి వల్లా కాదట.

మిగిలింది ఒక్క ఎండ పాట. అది బిడ్డ ఫోన్లో ఉంది కాబట్టి.

అక్కకు ఈ సంగతి ఫోన్లో చెప్పడానికి నాకు నోరు రాలేదు. మొహం చూసి చెప్పాలని ఇద్దరం మిర్యాలగూడ వెళ్లాం. ఇంట్లోకి అడుగు పెట్టగానే అక్క కోడలు ఎదురొచ్చింది. "చిన్నత్తా, నిన్నటి నుంచి వస్తున్నది! సూడు ఎంత సక్కగ గీస్తున్నదో!"

అక్క నన్ను చూసి చాట ముందుకు లాక్కుంది. బియ్యం ఎడమ చేత్తో చదును చేసి, వేలు పెట్టింది. ఎడమ నుంచి కుడికి తిన్నగా ఒక గీత. అక్కడ మలిగి కొంచెం కిందికి. కుడి నుంచి ఎడమకు. మళ్లీ మలిగి కిందికి, మళ్లీ కుడికి. వేలు వణకలేదు.

నా కాళ్ల కింద సిమెంటు కాలినట్టయింది. అది ముగ్గు కాదు. కళ్లం నడక. రెండు ఎండాకాలాలు ఆమె వెనకాల నేను నడిచిన తొవ్వ. మూడు వరుసలు, తొమ్మిది చుక్కలు, ఒక్కటి కూడా విడిచిపెట్టకుండా. ఎవరు వంకాయ కూర మాడ్చారో గుర్తుపెట్టుకున్న తలకు అది తట్టలేదు.

అక్క చెయ్యి చాపింది, ఫోను ఇమ్మని. ఇచ్చాను. ఏం చేయను? బటను ఒత్తింది. చుక్కలు రాలేదు. తిప్పి చూసింది, మళ్లీ ఒత్తింది. చుక్కల కోసం అద్దమంతా వెతికింది. చివరికి అద్దం మీది యాప్‌ల బొమ్మల మీదే వేలు పెట్టి తన నడక నడిచింది, ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు. బొమ్మలు అటు జరిగి, ఇటు జరిగి, ఎప్పటిలాగే నిలబడ్డాయి.

"గదే?" అంది నన్ను చూసి. "గదే? గదే?"

ఆమె కాళ్ల దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పాను. కోదాడ, దుకాణం, డేటా, నేనన్న ప్రతి మాటా. అక్క కళ్లు మూసుకుని వింది. ఏమనుకుందో నాకు తెలియదు. తిట్టిందో, పోనీలే అందో. ఆమె దగ్గర ఉన్నది ఒక్కటే మాట.

బిడ్డ మెల్లగా తన ఫోను తీసి పోపుల డబ్బా తెరిచింది. అక్క వేలు పట్టి నడుమ గిన్నె ఒత్తించింది. ఎండా ఎండా జర నిలువు అని ఆమె గొంతే, నిండుగా, కాకులతో, లారీ హారనుతో. "అయ్యో, నా నోరు పాడుగాను" అనే చోటు వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అక్క కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. అక్క మాత్రం పాట అయ్యేదాకా విని, చుట్టూ ఉన్న ఆరు గిన్నెలూ ఒక్కొక్కటే ఒత్తింది. ఏ ఒక్కటీ పలకలేదు.

"అమ్మా, నీకు మాటలన్నీ యాదికున్నయ్ గదా" అంది బిడ్డ. "నువ్వు పాడు. పెద్దమ్మ ముందట్నే పాడు."

మబ్బు పాట ఎత్తుకున్నాను. మాటలు ఒక్కటీ తప్పలేదు. రెండో చరణంలో అక్క ఎడమ చెయ్యి ఎత్తి అడ్డంగా ఊపింది. అట్లా కాదని. ఇంకోలా పాడాను. చెయ్యి ఊపింది. గొంతు దింపి పాడాను, సాగదీసి పాడాను. ప్రతిసారీ అదే చెయ్యి. ఆమె పెదవులు ఆడుతున్నాయి, గొంతులో నరం లేస్తోంది, ఆ పాట అక్కడే ఉంది, నాకు జానెడు దూరంలో. ఆమె ఇవ్వాలన్నా ఇవ్వలేదు, నేను తీసుకోలేను. నాలుగోసారికి అక్క అలిసిపోయింది. ఎత్తిన చెయ్యి దించి, నా తల మీద పెట్టింది.

"గదే" అంది.

అది కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ పోపుల డబ్బా ఇప్పుడు అక్క ఫోన్లో కూడా ఉంది. రోజూ ఎండ ఎక్కాక ఒకసారి నడుమ గిన్నె ఒత్తి వింటుందని కోడలు చెబుతుంది. చుట్టూ గిన్నెలు ఖాళీగానే ఉన్నాయి. నా గొంతు పోసి నింపుతానంటే బిడ్డ కాదనదు. నాకే చేతులు రావు.

ఇంతసేపు కూర్చుని విన్నారు. మీ ఇంట్లో వాళ్ల గొంతులు చల్లగా ఉండాలి. మీ వాకిట్లో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే లోపలి నుంచి పలికే మనిషి ఎప్పుడూ ఉండాలి. మీ ఇంటి పోపుల డబ్బాలో ఏడు గిన్నెలూ నిండుగా ఉండాలి.